రీటేక్ వద్దు, రేపు మళ్లీ చూద్దాం

ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్ల ఒకరోజు వచ్చి "మామ్మ మీద షార్ట్ ఫిల్మ్ తీస్తాను, ఫోన్ ఇవ్వు" అంటుంది. బడిలో ప్రాజెక్టు ఇచ్చి ఉండొచ్చు. యూట్యూబ్‌లో ఏదో చూసి ఉండొచ్చు. ఏ కారణమూ లేకుండా బుద్ధి పుట్టి ఉండొచ్చు. మన నోట ముందుగా వచ్చే మాట "మామ్మ మీద తీయడానికి ఏముందే?" అన్నది. ఆ మాట మింగేయండి. మీది శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం లాంటి ఊరైతే దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "తీస్తే గుడి మీద తియ్యి, నలుగురూ చూస్తారు." దాన్నీ మింగేయండి.

గుడి మీద తీయకూడదని కాదు. విష్ణుమూర్తి కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజలందుకునే క్షేత్రం మన దేశంలో చాలా అరుదు. పడమటి ముఖంగా ఉన్న స్వామి, రెండు ధ్వజస్తంభాలు, రాతి స్తంభాల ప్రదక్షిణ మండపం, గోడల మీద పాతకాలపు వర్ణచిత్రాలు, శ్వేత పుష్కరిణి, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. చూపించడానికి బోలెడంత ఉంది. అందుకే వాటి మీద వీడియోలు ఎన్నో వచ్చాయి, ఇంకా వస్తాయి. మీ ఇంటి అరుగు మీద కూర్చునే మామ్మ మీద మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తీయలేదు. తీయగలిగిన మనిషి కూడా మీ పిల్ల ఒక్కతే. పెద్ద కెమెరా పట్టుకుని ఎవరైనా వస్తే మామ్మ కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. మనవరాలు పక్కన కూర్చుంటే తన పని తాను చేసుకుంటూ పోతుంది.

మనిషి ముఖం ఆల్బంలో ఉంటుంది. మాట కావాలంటే వాట్సాప్‌లో ఎక్కడో ఓ వాయిస్ మెసేజ్ దొరుకుతుంది. కానీ ఆ మనిషి లేని ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు తలుచుకునేవి వేరే ఉంటాయి. చేట చెరిగేటప్పుడు పెదవులు ఎలా బిగబట్టేదో, డబ్బు లెక్కపెట్టి కొంగున ముడేశాక ఆ ముడిని ఒకసారి ఎలా తట్టి చూసుకునేదో, వీధి మలుపులో గోపురం కనబడగానే మాట ఆపకుండానే చెయ్యి నుదుటిదాకా ఎలా వెళ్లేదో. ఇవన్నీ కదలికలు. కదలిక ఫొటోలో నిలవదు. చూసినవాళ్లు ఉన్నంతకాలం వాళ్ల కళ్లలో ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. మీ పిల్ల అడుగుతున్నది ఈ కదలికల్ని దాచిపెడతానని. ఆ మాట తనకి ఇంకా తెలియకపోవచ్చు, మీకు తెలిస్తే చాలు.

సినిమా పుట్టిందే ఇలాంటి పనితో అని పిల్లలకి చెప్పండి, నమ్మరు. 1895 డిసెంబర్ 28న పారిస్‌లోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ అన్నదమ్ములు టికెట్ పెట్టి పది చిన్న సినిమాలు చూపించారు. అందులో ఒకటి పాపకి అన్నం తినిపించడం. అన్నదమ్ముల్లో ఒకరైన ఆగస్ట్, ఆయన భార్య, మధ్యలో వాళ్ల పాప. తండ్రి చెంచాతో పాపకి తినిపిస్తుంటాడు, పక్కన తల్లి కాఫీ కలుపుకుంటుంటుంది. నిమిషం కూడా ఉండదు. అందులో కథ లేదు, హీరో లేడు. చూసినవాళ్లకి పాప కన్నా కూడా వెనకాల గాలికి కదిలే ఆకులు వింతగా తోచాయంటారు. మరుసటి ఏడాది జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్‌లో లూమియేర్ల సినిమాలు మన దేశంలో మొదటిసారి ఆడాయి. నూట ముప్పై ఏళ్ల తర్వాత ఆ పాప ఎవరో తెలియనివాళ్లు కూడా ఆ చెంచా వంక చూస్తూ కూర్చుంటున్నారు. మీ ఇంట్లో మామ్మ మనవడికి చోడి అంబలి పట్టే తీరు దానికి ఎందులో తీసిపోతుంది?

ఇక అసలు పనికి వస్తాను. ఫోన్ వెంటనే ఇవ్వకండి. ఇవ్వనని కాదు, ఇస్తానని మాటిచ్చి, ముందు ఒక నోట్‌బుక్ ఇవ్వండి. కొన్నాళ్లు చూడమనండి. పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు. చూసింది రాయమనండి. అభిప్రాయాలు వద్దు. "మామ్మ చాలా కష్టపడుతుంది", "మామ్మకి మేమంటే ప్రేమ" లాంటివి రాస్తే కొట్టేయమని చెప్పకండి, కానీ "అది నీకెలా తెలిసింది, ఏం చేస్తుంటే చూశావు?" అని అడగండి. అప్పుడు పేజీ మారుతుంది.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలా రాసుకున్న పిల్ల నోట్‌బుక్ చూశాను. కొన్ని వాక్యాలు నాకు గుర్తుండిపోయాయి. ఫోన్ మోగితే మామ్మ చెయ్యి పొడిగా ఉన్నా సరే కొంగుకి తుడుచుకున్నాకే ఎత్తుతుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూసి, ఆ మెతుకు పారెయ్యదు, నోట్లో వేసుకుంటుంది. చీపురు పని అయ్యాక నేలకేసి రెండుసార్లు కొడుతుంది, మూడోసారి కొట్టబోయి ఆగుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సు హారన్ వినిపిస్తే వాకిట్లోకి చూస్తుంది, ఎవరూ వచ్చేది లేకపోయినా. ఈ చివరిది చదివి వాళ్ల నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన పని చేసేది చెన్నైలో, ఊరికి వచ్చేది పండగలకి. శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నోట్‌బుక్ నిండాక ఏరుకోవాలి. ఇక్కడ పిల్లలకి మీ సాయం కావాలి, ఎందుకంటే వాళ్లు గొప్పగా కనిపించేవాటి వైపే వెళతారు. ముగ్గు, దీపం, తులసికోట, తిరగలి. ఇవి అందరి మామ్మలూ చేసేవి, ప్రతి సినిమాలోనూ ఉన్నవి. మీరు ఒకటే ప్రశ్న అడగండి: పక్కింటి మామ్మ చేసినా ఇలాగే చేస్తుందా? అవునంటే పక్కన పెట్టమనండి. పొడి చేతిని కొంగుకి తుడుచుకోవడం పక్కింటావిడ చెయ్యదు. అది మీ మామ్మది. అలాంటివి మూడో నాలుగో దొరికితే సినిమాకి చాలు, ఎక్కువైతే మూడు నిమిషాల సినిమాలో ఏదీ నిలవదు.

ఒక్క పనిని ఎంత దగ్గరగా చూడొచ్చో చెబుతాను. వేసవిలో మల్లెలు వచ్చాయనుకోండి. మామ్మ అరటినార తడిపి చీలికలు తీసి పెట్టుకుంటుంది. కాళ్లు చాపుకుని కూర్చుని నార ఒక కొసని కాలి బొటనవేలికి చుడుతుంది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, తొడిమలు ఎదురుబొదురుగా ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుంటుంది. కుడిచేత్తో నారని ఒక చుట్టు తిప్పి, వేలితో మెలికేసి, ఆ మెలికలో నుంచి లాగి బిగిస్తుంది. మళ్లీ రెండు, మళ్లీ రెండు. పిల్ల ముందు ముఖం తీస్తుంది, అది సహజం. తర్వాత చేతులు తీస్తుంది. కానీ రెండోరోజు అక్కడే కూర్చుంటే ఒకటి కనబడుతుంది. మెలిక బిగించిన ప్రతిసారీ ఆ బొటనవేలు ముందుకి వంగి మళ్లీ నిటారుగా అవుతోంది. మామ్మ కళ్లు పూల మీద లేవు, వీధిలో పోయేవాళ్ల మీద ఉన్నాయి, నోరు ఎవరితోనో మాట్లాడుతోంది. అంటే ఆ పనంతా చేతులకీ వేలికీ మధ్యే జరిగిపోతోంది. ఆ బొటనవేలు చాలు, ఆ పిల్ల సినిమా మొదలైనట్టే. అరవై ఏళ్లుగా పూలు కడుతున్న మనిషి ఒంట్లో ఏముందో ఆ వేలు చెప్పినట్టు ఏ ఇంటర్వ్యూ చెప్పదు.

కాబట్టి ప్లాన్ అంటే డైలాగులు రాసుకోవడం కాదు. ఈ పనిని ఎక్కడెక్కడ నుంచి చూడాలో రాసుకోవడం. దూరం నుంచి అరుగంతా ఒకసారి. దగ్గరగా చేతులు ఒకసారి. కాలి వేలు ఒకసారి. చేతులు కనబడకుండా ముఖం ఒక్కటే ఒకసారి. ప్రతిదానికీ మనసులో ఇరవై లెక్కపెట్టేదాకా ఫోన్ కదపకూడదు, అంతే. కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు గళ్లు గీసి బొమ్మలు వేసుకోమనండి. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు, ఎక్కడ కూర్చుని తీయాలో తెలిస్తే సరిపోతుంది.

ఈ పనిలో పిల్లలు తొందరపడే చోటు ఒకటుంది, పెద్దవాళ్లు ఇంకా ఎక్కువ తొందరపడతారు. "మామ్మా, మళ్లీ ఒకసారి చెయ్యవా, సరిగ్గా రాలేదు." ఈ మాట రానివ్వకండి. మళ్లీ చెయ్యమంటే మామ్మ చేస్తుంది, కానీ అది మీ కోసం చేస్తుంది. చెయ్యి నెమ్మదిస్తుంది, కళ్లు ఫోన్ వైపు వస్తాయి, బొటనవేలు కదలడం మానేస్తుంది. రోజూ చేసే పని మీద సినిమా తీయడంలో ఉన్న వీలే అది, రేపు కూడా చేస్తుంది. ఇవాళ రాలేదా, రేపు అదే వేళకి అక్కడే కూర్చో. పెళ్లిని తీసేవాడికి ఈ వీలు లేదు.

అటక మీద పడి ఉన్న తిరగలిని దింపించి విసరమనడం కూడా ఇలాంటిదే. డాక్యుమెంటరీలకి తాత అనదగ్గ రాబర్ట్ ఫ్లాహెర్టీ 1922లో విడుదలైన 'నానూక్ ఆఫ్ ది నార్త్' తీసినప్పుడు, అప్పటికే తుపాకులు వాడుతున్న ఇన్యుట్ వేటగాళ్ల చేత పాతకాలపు ఈటెలతో వేట ఆడించాడు. లోపల వెలుగు చాలదని సగం కోసేసిన మంచు ఇల్లు కట్టించాడు. ఆ సినిమా గొప్పదే, కానీ ఆ మనుషులు ఆరోజు నిజంగా ఎలా బతుకుతున్నారో అందులో తెలియదు. మీ మామ్మ ఇప్పుడు పిండి మిల్లులో పట్టిస్తుంది, మిక్సీ వేస్తుంది. మిక్సీ మూత మీద అరచెయ్యి పెట్టి మరీ నొక్కుతుంది, ఎగిరిపోతుందేమోనని. అదే తీయండి. మిక్సీకి భయపడే ఆ చెయ్యి తిరగలి తిప్పిన చెయ్యే కదా.

ఇంటిపని సినిమాకి పనికిరాదని ఎవరైనా అంటే, బెల్జియంలో పుట్టిన షాంటాల్ ఆకెర్మాన్ అనే అమ్మాయి సంగతి చెప్పండి. పాతికేళ్ల వయసులో, 1975లో, ఒక గృహిణి మూడు రోజుల బతుకు మీద మూడు గంటల పైచిలుకు సినిమా తీసింది. పేరు 'జాన్ డీల్మన్' అని మొదలై ఆ ఇంటి చిరునామాతో ముగుస్తుంది. అందులో ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, మంచం సర్దుతుంది, గది దాటిన ప్రతిసారీ లైటు ఆర్పుతుంది. కెమెరా కదలకుండా చూస్తుంది. 2022లో బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' ప్రపంచమంతా ఉన్న విమర్శకుల్ని అడిగినప్పుడు అన్నిటికన్నా గొప్ప సినిమాగా దానికే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ సినిమా పెద్దలది, పిల్లలకి చూపించకండి, మీరు చూడండి. మన దగ్గర 2018లో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది విశాఖపట్నం కంచరపాలెంలో ఉండే మామూలు మనుషులే, అంతకుముందు కెమెరా ముందుకి రానివాళ్లు. మన మాట, మన నడక తెర మీద నిలబడతాయని దాన్ని చూసినవాళ్లకి తెలుసు.

మామ్మ అనే అంటున్నాను కానీ తాతయ్యా కావచ్చు, చిన్నాన్నా కావచ్చు. తీరానికి దగ్గరున్న ఇళ్లల్లో వల బాగుచేసే చేతులుంటాయి. 2025లో 'తండేల్' సినిమా వచ్చాక శ్రీకాకుళం మత్స్యకారుల మీద పిల్లలకి మోజు పెరిగింది. 2018లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి 2020 జనవరిలో ఇంటికొచ్చినవాళ్ల కథ అది, పెద్ద కథ. కానీ తాతయ్య వలని తెగిన కన్ను దగ్గర రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని, దారం పంటితో తెంపే తీరు మీద ఎవరు తీస్తారు? పొందూరు సంగతీ చూడండి. అక్కడ ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని ఏకుతారని తెలియనివాళ్లు లేరు, ఎందరో వచ్చి ఆ దవడని వీడియో తీసుకుని వెళ్లారు. దవడ పట్టుకున్న మనిషి మధ్యమధ్యలో నడుం ఎలా వాలుస్తుందో తీసినవాళ్లు తక్కువ. మీకు ఆ ఊళ్లో చుట్టాలుంటే మీ పిల్లని అక్కడ నాలుగు రోజులు ఉంచండి.

ఫోన్ సంగతులు త్వరగా చెప్పేస్తాను. అడ్డంగా పట్టుకోవాలి. కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి, పిల్లల ఫోన్ల మీద ఎప్పుడూ వేలిముద్రలే. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది కాబట్టి బియ్యం డబ్బాకో పుస్తకాల దొంతరకో ఆనించాలి. జూమ్ చెయ్యకుండా లేచి దగ్గరికి వెళ్లాలి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మంచి చోట చిట్టి మావయ్య ఫోన్ చేస్తాడు. వాకిలి వెలుగు మామ్మ ముఖం మీద పడాలి, వీపు వెనక నుంచి వస్తే ముఖం నల్లగా అయిపోతుంది. సముద్రం దగ్గర కాబట్టి గాలి హోరు మైకులోకి వస్తుంది, గోడ చాటున తీస్తే తగ్గుతుంది. ఫ్యానూ టీవీ ఆపండి. సినిమాకి పాట తగిలించనివ్వకండి, ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. చీపురు చప్పుడు, కుక్కర్ కూత, గుడి మైకు, పెరట్లో కోడి, ఇవన్నీ ఇరవై ఏళ్ల తర్వాత పాట కన్నా విలువైనవి అవుతాయి.

అన్నిటికన్నా ముందు జరగాల్సింది అడగడం. "మామ్మా, తీస్తన్నాను" అని చెప్పి మొదలెట్టడం అడగడం కాదు. పక్కన కూర్చుని, ఏం తీయాలనుకుంటున్నదీ ఎవరికి చూపించేదీ చెప్పాలి. మామ్మ ముందు ఒప్పుకోదు. "నన్నేటి తీస్తావే, ముసల్దాన్ని. ఆ సామిని తియ్యి, పున్నెం" అంటుంది. రెండోరోజు "ఉండు, మంచి సీర కట్టుకొస్తాను" అంటుంది. కట్టుకోనివ్వండి. పట్టుచీరలో చేట పట్టుకుని కూర్చుంటే కూర్చోనివ్వండి, తీయమనండి, ఆవిడకి కనిపించాలని ఉన్న తీరు అది. మూడో నాడో నాలుగో నాడో పాత చీరలోకి వచ్చేస్తుంది, ఫోన్ ఉందన్న సంగతి మరిచిపోతుంది. వద్దు అని గట్టిగా అంటే మాత్రం ఆగిపోవాలి. బతిమాలి ఒప్పించిన సినిమాలో ఆ బతిమాలడమే కనబడుతుంది.

మన ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలామంది మామ్మలు అడ్డపొగ తాగుతారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం వేరే చోటనుంచి వచ్చినవాళ్లకి వింత. పిల్లకి ఇది కచ్చితంగా తీయాలనిపిస్తుంది, తీస్తే లైకులు వస్తాయని కూడా తెలుసు. నేను తీయవద్దని అనను. అది కూడా ఆవిడ చేతల్లో ఒకటి, దాచిపెట్టాల్సిన సిగ్గు కాదు. కానీ ఎందుకు తీస్తున్నావని పిల్లని అడగండి. నవ్వడానికైతే వద్దు. ఆవిడ తీరుబడిగా కూర్చునే ఆ కాసేపు ఎలా ఉంటుందో చూపించడానికైతే ఆవిణ్ని అడిగి తీయమనండి, బయటికి పంపించేదీ లేనిదీ ఆవిడకే వదిలేయండి. ఆ అలవాటుకీ అంగిట్లో వచ్చే కేన్సర్‌కీ సంబంధం ఉందని విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల క్రితమే రాశారు. సినిమా సాకుతోనైనా ఆవిణ్ని ఒకసారి దంతవైద్యుడికి చూపిస్తే మంచిది. పిల్లకి ఆ సంగతి దాచకండి, కానీ మామ్మని కెమెరా ముందు మందలించనివ్వకండి.

ఊళ్లోకి వెళ్లి తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. శ్వేత పుష్కరిణి దగ్గరికి అస్థికలు పట్టుకుని, పెద్దల కార్యాలు చేయడానికి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తుంటాయి. తడి బట్టలతో నిలబడి నీళ్లు వదిలే చేతులు ఎంత అందంగా కనిపించినా ఆ వైపు ఫోన్ తిప్పకూడదు. వాళ్ల దుఃఖం వాళ్లది. మీ మామ్మే తాతయ్యకి అక్కడ నీళ్లు వదలాల్సి వస్తే, ఆరోజు ఫోన్ ఇంట్లో ఉంచండి. రెండోది నక్షత్ర తాబేళ్లు. మామ్మ ఆకుకూర పట్టుకెళ్లి అక్కడివాళ్ల చేతికిచ్చే అలవాటు ఉందనుకోండి, ఆ ఇవ్వడం తీయొచ్చు. షాట్ కోసం తాబేలుని చేతిలోకి ఎత్తడం, తిరగేయడం, ఇంటికి తెచ్చుకుంటాననడం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవాలవి, ఇంట్లో పెంచుకోవడం నేరం. లోపల ఫోన్ ఎక్కడిదాకా తీసుకెళ్లవచ్చో ముందే గుడివాళ్లని అడిగి తెలుసుకోండి.

మామ్మ మాట గురించి కూడా. పట్నంలో చదివే పిల్లలకి "ఏటి సేస్తన్నావు", "బేగి రా", "ఎల్లిపోనాడు" అనే మాటలు వినిపించగానే కింద పుస్తకం తెలుగులో టైటిల్స్ వేయాలనిపిస్తుంది, ఒక్కోసారి "మామ్మా, మంచిగా మాట్లాడు" అంటారు కూడా. అలా అననివ్వకండి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన పుట్టిన జిల్లాలోనే, మనవరాలి సినిమాలో మామ్మ తన మాట దిద్దుకోవాల్సి వస్తే ఎంత అన్యాయం! మాట ఎక్కువ అక్కర్లేదు. కానీ వచ్చిన మాట వచ్చినట్టే ఉండాలి.

మామ్మ చేతులు వణుకుతున్నా, మరుపు వచ్చినా తల్లిదండ్రులు భయపడతారు, పిల్ల బాధపడుతుందని. పిల్లలు మనం అనుకున్నంత పెళుసుగా ఉండరు. వణికే చేత్తో గ్లాసుని రెండు చేతులా పట్టుకుని తాగడం కూడా ఆవిడదే. ఆవిడ సరేనంటే తీయనివ్వండి. రాత్రి పిల్ల పక్కన పడుకున్నప్పుడు ఏమైనా అడిగితే జవాబు చెప్పండి. ఒకవేళ తీయాలనుకున్న మనిషి ఇప్పటికే లేకపోతే, పిల్లకి ఇంకో పని ఇవ్వండి. ఆ మనిషి చేతలు ఇంట్లో ఎవరిలో ఉన్నాయో వెతకమనండి. పేపర్ నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకోవడం తాతయ్య నుంచి మీకు వచ్చి ఉంటుంది. పొడి చేతిని కొంగుకి తుడుచుకోవడం మేనత్తకి వచ్చి ఉంటుంది, ఆవిడ కట్టుకునేది చుడీదార్ అయినా. మీకే తెలియని మీ అలవాటు ఒకటి ఆ నోట్‌బుక్‌లో కనబడితే కొట్టేయించకండి.

ఎడిటింగ్ దగ్గర మీరు వేలు పెట్టకండి. మొదట్లో అంతా వంకరగా ఉంటుంది, చేతులు ఫ్రేములో సగమే ఉంటాయి, ఎక్కడ ఆపాలో తెలియక మామ్మ లేచి వెళ్లిపోయాక ఖాళీ అరుగు పది సెకన్లు కనబడుతుంది. ఆ పది సెకన్లు మీరైతే కోసేస్తారు. పిల్లకి అవి ఎందుకు ఉంచాలనిపించిందో అడగండి, వినండి. బడికోసమైతే టీచర్ "సందేశం ఏది?" అనొచ్చు. అప్పుడు కూడా ఆఖర్లో "పెద్దల్ని గౌరవిద్దాం" అని రాయించకండి. మార్కులు రెండు తగ్గితే తగ్గనివ్వండి.

అయ్యాక మొదట చూడాల్సింది మామ్మ. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకముందు, మీరు చూడకముందు. టీవీకి కలిపి పెద్దగా చూపించండి. ఏదైనా తీసేయమంటే తీసేయాలి, ఎందుకని అడగకుండా. బయట ఎక్కడ పెట్టాలన్నా ఆవిడ ఒప్పుకోవాలి, కామెంట్లలో ఎవరేమి రాస్తారో పిల్లకీ మామ్మకీ ముందే చెప్పాలి. ఎడిట్ చేసిన సినిమాతో పాటు విడిగా తీసిన ముక్కలన్నీ, ఊరు పేరూ తేదీ రాసి, ఇంకోచోట కూడా దాచండి. ఫోన్లు పోతాయి, పాడైపోతాయి, మార్చేస్తాం. ఇవాళ పనికిరాదనుకున్న ముక్కలోనే ఒకరోజు వెతుక్కునే కదలిక దొరుకుతుంది.

మధ్యలో పిల్లకి విసుగొచ్చి వదిలేయవచ్చు కూడా. చాలాసార్లు అదే జరుగుతుంది. పరీక్షలు వస్తాయి, స్నేహితులు వస్తారు, మరో పిచ్చి పడుతుంది. "మొదలుపెట్టింది పూర్తి చెయ్యవా?" అని వెంటపడకండి. నోట్‌బుక్ తీసి బీరువాలో పెట్టండి. వచ్చే సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు సంచీలో వేసుకెళ్లి, పిల్లకి కనబడేచోట పెట్టండి.